లీలమ్మకు వచ్చిన ఆర్డర్లు

మేట్టుపాళయంలోని సబ్బుల గోడౌన్‌లో లీలమ్మ కంప్యూటర్లో బిల్లులు కొట్టడం చూసినవాళ్లెవరూ ఆమెకు చూపు మందగించిందని అనుకోరు. ఏ మీట నొక్కితే ఏది తెరుచుకుంటుందో ఆమె వేళ్లకు తెలుసు. అంకెలు మాత్రం పక్క కుర్చీలోని కవిప్రియ మెల్లగా చదివి సరిచూసేది. ఆ సంగతి ఎవరితోనూ అనేది కాదు. లీలమ్మ పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ పిల్ల పేరు కూడా దేవుడికి చెప్పుకొనేది.

పోయిన ఏడాది సాఫ్ట్‌వేర్‌ మార్చాల్సి వచ్చింది. కొత్త వెర్షన్‌లో మీటలతో పని లేదు. తెరమీది చిన్న చిన్న బొమ్మలను వెతికి మౌస్‌తో నొక్కాలి. యజమాని రంగరాజన్ వాయిదా వేసి వేసి, చివరికి ఆమెనే అడిగాడు.

"ఏందక్కా చేద్దాం? పాతదాంతోనే ఇంకొన్నాళ్లు ఈడ్చొచ్చు. కానీ సర్కారు బిల్లు నెంబరు దాంట్లో సరిగ్గా రావడంలా."

"నెంబరు రాకుంటే లారీ కదలదు. లారీ కదలకుంటే మూటలు మోసేవాళ్లకు ఆ పూట కూలి యాడిది? మార్చేయండి మొదలాళీ."

"మరి నువ్వో?"

"చెవులు బాగానే ఉండాయి గదా! ఫోన్లో ఆర్డర్లు తీసుకుంటా."

కొత్తదాంట్లో ఇంకో వసతి కూడా ఉంది. దుకాణాలవాళ్లు తమ సెల్‌ఫోన్‌లోనే ఆర్డరు పెట్టుకోవచ్చు. ఆ మాట అప్పుడు ఎవరికీ తట్టలేదు. క్రమంగా గోడౌన్ ఫోను మోగడం తగ్గింది. అయినా కిరుమాంబాక్కం దుకాణదారు నరేంద్రన్, ఇంకొందరు పాతవాళ్లు లీలమ్మకే చేసేవాళ్లు. ఆమె పలికితే కవిప్రియ 'ఎక్కించేసినా పెద్దమ్మా' అనేది. ఫోను మోగిన రోజు లీలమ్మ మధ్యాహ్నం అన్నం తృప్తిగా తినేది.

కవిప్రియ జ్వరమొచ్చి రాని రోజున ఆ పని గోడౌన్ చూసుకొనే ధనపాల్ చేశాడు. మర్నాడు సగం సరుకు తిరిగొచ్చింది. ధనపాల్ లీలమ్మ దగ్గరికొచ్చాడు.

"కిరుమాంబాక్కానికి రెండు తడవలు పంపినామక్కా! ఆయప్ప ముందే సెల్లులో పెట్టేసినాడంట. మళ్లా నీకెందుకు చెప్పినాడో!"

లీలమ్మ, జ్వరం తగ్గి పనిలోకొచ్చిన కవిప్రియ వైపు తిరిగింది.

"రోజూ ఇట్లనేనా పాపా?"

ఆ పిల్ల తల వంచుకుంది. "నువ్వు చెప్పినవి ఎక్కించినట్టు చేసి, వదిలేస్తా ఉంటి పెద్దమ్మా."

లీలమ్మ నరేంద్రన్‌కు ఫోను చేసింది.

"ఏం నరేంద్రా, నాతో ఆటలా?"

"ఆటలేందక్కా! నువ్వు మా నాయన కాలం నుంచి రాసుకుంటా ఉండావు. నీకు చెప్పకుంటే మనసొప్పదు."

"మాట్లాడాలనిపిస్తే లాస్‌పేటకు, ఇంటికి రా. కాపీ పోస్తా. సబ్బుల లెక్క నాకు చెప్పొద్దు నాయనా."

నవ్వుతూనే అంది. ఫోను పెట్టేశాక చాలాసేపు దాని మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

సాయంత్రం రంగరాజన్ దగ్గరికి వెళ్లి, ఈ నెలతో మానేస్తానంది.

"సరుకు తిరిగొస్తే వచ్చింది, పోనీ. ఎవురేమన్నారు నిన్ను?"

"ఎవురూ ఏమీ అనలా మొదలాళీ. అందరూ నాకోసం లేని పని పుట్టిస్తా ఉండారు. తెలిసినాక యాడ కూర్చునేది?"

రంగరాజన్ లేచి ఆమెకు కుర్చీ జరిపాడు. లీలమ్మ కూర్చోలేదు.