నేను నాటిన ఒలీవ మొక్క

గల్ఫ్‌లో, హుఫూఫ్ ఊరి ఆసుపత్రిలో మా వార్డు హెడ్ సిస్టర్‌ది పాలస్తీనా. కాకినాడ నుంచి నేను నర్సుగా కొత్తగా వచ్చినప్పుడు పని నేర్పిందీ, తన అన్నంలో సగం పెట్టిందీ ఆవిడే. వాళ్ల నాన్న కొండపొలంలో ఇప్పుడు ఇజ్రాయెల్ వాళ్లు వచ్చి ఇళ్లు కట్టుకున్న సెటిల్‌మెంట్ ఉంది. సాగులో లేదు కాబట్టి అది సర్కారు భూమి అని ఇజ్రాయెల్ ప్రభుత్వం వాదన. అడుగు పెట్టనివ్వకపోతే సాగెలా చేస్తామని వీళ్లు కోర్టుకెక్కారు. అలాంటి ఇళ్లే అక్రమమని చాలా దేశాలు అంటాయి. కేసు మాత్రం తెమలదు.

సెలవులో మా చర్చి వాళ్లతో ఇజ్రాయెల్‌కి, పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్తున్నానని ఆవిడ ఒక్కదానికే చెప్పాను. ఊరి పేరు కాగితం మీద రాసిచ్చి, "దారిలో తగిలితే కొండకి ఒక్క ఫోటో తియ్యి" అంది. ఆ కాగితాన్ని యాత్రకు పెద్దగా వచ్చిన మా పాస్టరు అయ్యగారికి చూపించాను. నాకు బాప్తిస్మమిచ్చిన మనిషి. "మన బస్సు అటెల్లదు తల్లీ" అన్నారు. నమ్మాను.

మూడో రోజు బస్సు ఒక కొండెక్కింది. ఎర్ర పెంకుల ఇళ్లు, కొత్త రోడ్లు. ఇదంతా ఎవరికీ పట్టని బంజరని గైడు చెప్పాడు. తలా ఒక ఒలీవ మొక్క ఇచ్చి నాటమన్నారు. అయ్యగారు ప్రార్థన చేస్తే ఆమెన్ అన్నాం. మట్టి చేతులతో ఫోటో దిగాను. నిజం చెప్పొద్దూ, సంతోషంతో ఏడ్చాను కూడా.

తిరిగొచ్చి యాత్ర ఫోటోలు చూపిస్తుంటే సిస్టర్ ఆ ఫోటో దగ్గర ఆగిపోయింది. నా వెనక ఇనుప మూత వేసిన రాతి బావి ఉంది.

"అది మా తాత తవ్వించింది."

అక్కడినుంచే అయ్యగారికి ఫోన్ చేశాను.

"అదే ఊరని మీకు ముందే తెలుసా అయ్యగారూ?"

"తెల్సమ్మా. చెప్తే బస్సు దిగనంటావని ఊరుకున్నాను. దేవుడి భూమి మీద మనకెందుకమ్మా ఈ గొడవలు?"

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. ఆ పొలాన్ని తామే సాగు చేస్తున్నామని చూపించుకోవడానికి ఆ సెటిల్‌మెంట్ వాళ్లకు నా చేతులు దొరికాయి. ఒళ్లు మండిపోయింది. అయినా అయ్యగారిని ఒక్క మాట అనలేకపోయాను. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

సిస్టర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"లోపలికెళ్లడానికి పర్మిట్ అడిగారా?" అంది.

"లేదు. బస్సును చూడగానే గేటు తీశారు."

"మా నాన్న ఆ గేటు దగ్గర తొమ్మిదేళ్లుగా అడుగుతున్నాడు" అని రౌండ్స్‌కి వెళ్లిపోయింది.