ముహూర్తానికి లేపిన బాయిలర్

మేస్త్రి బాబాయ్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న వాళ్ల పక్కింటాయన నా సెల్లుకి ఫోన్ చేసి ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు. నేను క్రేను సీట్లోనే ఉన్నాను. ఇంజను ఆపేశాను గానీ చాలాసేపు కిందికి దిగలేకపోయాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. రామచంద్రపురం చుట్టుపక్కల ఏ రైసుమిల్లులోనైనా మీరు ధాన్యం ఆడించి ఉంటే, అక్కడి బాయిలర్‌ని దిమ్మ మీద కూర్చోబెట్టింది బహుశా ఆయనే. బరువులెత్తే ఖలాసీల మేస్త్రి. బరువుకి తాళ్లు ఎక్కడ కట్టాలో, క్రేను ఎక్కడ నిలపాలో చూసుకుని, కింద నిలబడి చేత్తో సైగలు చేసేవారు. వేలు గాల్లో తిప్పితే ఎత్తాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. నాకు పని నేర్పింది ఆ చెయ్యే.

ఏ బరువునైనా ముందు జానెడు లేపించి ఆపేసేవారు. దాన్నలా వేలాడనిచ్చి, చుట్ట ముట్టించుకుని, క్రేను కాళ్ల కింద పరిచిన చెక్కల దగ్గర కూర్చునేవారు. మా డెల్టా నేల పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపలంతా మెత్తన. చుట్ట సగమయ్యేదాకా చెక్కలు దిగకపోతేనే మళ్లీ వేలు తిప్పేవారు. మిల్లు యజమానులు విసుక్కునేవారు. నేనూ విసుక్కునేవాణ్ణి. "ఇనుముకి మన మొహమాటాలు తెలీవురా అబ్బాయ్" అనేవారు. పనయ్యాక తన క్యారేజీలో చేపల పులుసు సగం నా పళ్లెంలో వంపేసి, నువ్వు చిక్కిపోతే మీ ఆవిడ నన్ను తిడుతుందని వేళాకోళం చేసేవారు.

ఆ రోజు అది కొత్త మిల్లు. బాయిలర్ ఎత్తడానికి పంతులుగారు ముహూర్తం పెట్టారు. లారీ ఆలస్యంగా వచ్చింది. ముందురోజంతా వాన. బాయిలర్‌కి పసుపు రాసి బొట్లు పెట్టి, ఊళ్లో సగం మంది చుట్టూ చేరారు. ఖలాసీలు అవతలి పక్క తాళ్లు పట్టుకుని ఉన్నారు. బాబాయ్ జానెడు లేపించి, పిడికిలి బిగించి, దిమ్మ పక్కగా చెక్కల వైపు నడిచారు. ముహూర్తం దాటడానికి ఇంకో రెండు నిమిషాలే ఉన్నాయని పంతులుగారు అన్నారు. యజమాని నా వైపు చూసి ఎత్తమని కేకేశారు. పిడికిలి ఇంకా బిగించే ఉంది. అది నాకు కనిపిస్తూనే ఉంది. అంతమంది నన్నే చూస్తున్నారు. ఎత్తేశాను.

క్రేను కాలొకటి బురదలోకి దిగబడింది. బాయిలర్ ఊగి, ఆయన్ని దిమ్మకేసి నొక్కేసింది. ఆయన అరవలేదు. అరిచింది నేను. రెండు కాళ్లూ తొడల దాకా తీసేశారు.

పోలీసులు అడిగితే ఆసుపత్రి మంచం మీంచి, "నేనే ఎత్తమన్నానండి. వాడి తప్పేం లేదు" అన్నారు. అప్పుడు నా భార్యకి నెలలు నిండాయి. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నోరు విప్పలేదు. నాకు లైసెన్సు మిగిలింది. ఆయనకి తప్పుడు సైగ చేసిన మేస్త్రి అన్న పేరు మిగిలింది. ఆయన మనుషుల్ని మళ్లీ ఏ మిల్లూ పిలవలేదు. కనీసం సలహా అడగడానికైనా ఎవరూ ఆ గుమ్మం ఎక్కలేదు. కాళ్లు పోయినందుకంటే దానికే ఎక్కువ కుమిలిపోయారు.

ఏడేళ్లు మంచం మీదే. నెలకోసారి పళ్లు పట్టుకుని వెళ్లేవాణ్ణి. వానల గురించి, మా వాడి చదువు గురించి మాట్లాడి వచ్చేసేవాణ్ణి. నిజం ఈసారి చెప్పేద్దామని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. ఇప్పుడిది రాస్తున్నది ఆయన్ని పొగడడానికి కాదు. ఆ చెయ్యి తప్పు చేయలేదని చెప్పడానికి. రాసినందువల్ల ఇక ఎవరికీ ఏ మేలూ లేదని నాకు తెలుసు.

దహనమయ్యాక బాబాయ్ వాళ్లింటికెళ్లి పిన్నికి మొత్తం చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు బాబూ. ఆసుపత్రిలోనే చెప్పేరు" అంది. "నువ్వొచ్చినప్పుడల్లా నన్ను పెరట్లోకెళ్లి కూర్చోమనేవారు. 'నీ ముందు వాడికి నోరు పెగలదు, ఈసారి చెప్తాడులే' అనేవారు" అంది.

పెరటి తలుపు తీసే ఉంది. గోడవారగా చిన్న పీట, దాని మీద మిట్టమధ్యాహ్నం ఎండ.