మేనత్త చూపించిన దిక్కులు

అప్పట్లో మా మేడ్చల్ వైపు పెళ్లీడు పిల్ల కళ్లద్దాలు పెట్టుకుందంటే ఏదో పెద్ద జబ్బు చేసినట్టే చూసేవాళ్లు. మా మేనత్త అయితే ఆ సంగతిలో డాక్టరు కంటే గట్టిగా మాట్లాడేది. "అద్దాలు పెడితే కండ్లకు బద్దకమొస్తదే పిల్లా. ఇగ నంబరు పెరుగుడే గని తగ్గుడుండదు" అనేది. నేను నమ్మాను. (నమ్మక చస్తానా! ఆమె మాటకు మా బాపే ఎదురు చెప్పేవాడు కాదు.) నాకేమో సూదిలో దారం మసక వెలుతురులోనైనా ఎక్కేది గానీ, బస్సు బోర్డు మాత్రం తెల్లటి మరకలాగే కనపడేది. మేడ్చల్ బస్సనుకుని గాజులరామారం బస్సెక్కిన రోజులున్నాయి.

ఐదో తరగతితో బడి మానేసిన నాకు సూరారంలో బట్టలు కుట్టే కంపెనీలో పని దొరికేలా ఉంది. అక్కడి సూపర్‌వైజరమ్మ "కండ్లు చూపించుకొని రా. మంచిగుంటేనే మిషిన్ మీద కూసోబెడ్త" అంది. అద్దాలు రాస్తే పని పోయినట్టేనని నాకు ఒకటే దడ. శామీర్‌పేటలో ఒక బడిలో కంటి పరీక్షలు చేస్తున్నారంటే మేనత్తను తోడు తీసుకుని వెళ్లాను.

గోడకు ఒక అట్ట తగిలించారు. చదువు రానివాళ్ల కోసం దాని మీద అక్షరాలకు బదులు మూడు కాళ్ల గుర్తులు. ఆ కాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పాలి. వరసలో మేనత్త నా ముందుంది. "పైకి! కుడి! కిందికి! మళ్ల కిందికి! ఎడమ!" అని ఆమె బడంతా వినిపించేలా చెప్పుకుపోతుంటే, నేను ఒక్కటీ పొల్లుపోకుండా బుర్రలో వేసుకున్నాను. (ఇంటి సరుకులన్నీ కాగితం ముక్క లేకుండా తెచ్చే బుర్ర నాది.) అంత ధీమాగా చెప్పే మనిషి తప్పు చెబుతుందని నాకెలా తోస్తుంది?

నా వంతు రాగానే ఒక కన్ను మూసి గడగడా అప్పజెప్పేశాను. డాక్టరు అట్టను చూశాడు, నన్ను చూశాడు, పక్కన బెంచీ మీదున్న మేనత్తను చూశాడు.

"ఏమ్మా, పెద్దమ్మ యాడ తప్పు జెప్పిందో నువ్వు గూడ గాడనే తప్పు జెప్పినవ్. ఇద్దరికీ కలిపి ఒకటే జత ఇయ్యాల్నా?"

వరసంతా గొల్లుమంది. మేనత్త నా మీద విరుచుకుపడింది. "నా తప్పులెందుకు తీస్కున్నవే? నీకు సొంతం తప్పులు లేవా?"

నాకు ఏడుపొచ్చేసింది. "సారూ, అద్దాలు రాస్తే నన్ను పనిల పెట్టుకోరు. పెట్టుకుంటే కండ్లు ఇంకింత ఖరాబైతయంట."

"ఎవరు జెప్పిన్రు?"

నేను మేనత్త వైపు చూశాను. మేనత్త కిటికీ వైపు చూసింది.

"అద్దాలు కండ్లను చెడగొట్టవు బిడ్డా. పెట్టుకున్నంతసేపు సక్కగ చూపిస్తయి, గంతే. వయసుతోని మారే కండ్లు ఎట్లైన మారుతయి" అంటూ ఆయన అట్ట మార్చి మళ్లీ పరీక్ష చేసి, ఇనుప చట్రంలో బిళ్లలు దోపి నా ముక్కు మీద కూర్చోబెట్టాడు. బడి గేటు అవతల బస్సొకటి ఆగి ఉంది. కూడబలుక్కుని బోర్డు చదివాను: మే... డ్చల్. కూర్చున్నచోటే "అత్తా, మన బస్సు!" అని అరిచాను.

అద్దాలతోనే భయపడుతూ కంపెనీకి వెళ్లాను. సూపర్‌వైజరమ్మ సంచిలోంచి తన అద్దాలు తీసి పెట్టుకుని, నా కుట్టు తిప్పి తిప్పి చూసి, "రేపటిసంది రా" అంది.

ఇప్పుడు నాది మేనత్త అప్పటి వయసు. బస్సు కోసం అద్దాలు పెట్టడం, సూది కోసం తీయడం, తీసినవాటి కోసం ఇల్లంతా తడుముకోవడం. ఇలా కాదని మొన్న కొంపల్లిలో కళ్లద్దాల దుకాణానికి వెళ్లాను. ఒక కన్ను మూయమంది అక్కడి అమ్మాయి. మూశానో లేదో, నా నోరు దానంతటదే "పైకి, కుడి, కిందికి, మళ్ల కిందికి, ఎడమ" అనేసింది.

"ఆంటీ, ఇంకా బోర్డుకు లైటే వెయ్యలేదు!" అని ఆ అమ్మాయి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మేనత్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె తప్పులు మాత్రం ఒక్కటీ పొల్లుపోకుండా నా దగ్గర భద్రంగా ఉన్నాయి.