ఏటి ఆల్చిప్పలు పట్టిచ్చిన జబ్బు

వై టూ కె కంప్యూటర్ పని మీద మావారు ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చారు. జంతుశాస్త్రం చదివిన నేను ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో చేరాను. ఆ ల్యాబ్ చూసుకునేది హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ముస్లిం ఆవిడ. ఆంటీ అని పిలిచేదాన్ని.

ఏటి నీళ్లలో రోగాలు తెచ్చే పరాన్నజీవులున్నాయా అని చూడటం మా పని. ఒక సీసాడు నీళ్లు పరీక్షిస్తే ఒక్కోసారి ఏమీ దొరకదు. ఆల్చిప్ప అలా కాదు. పగలూ రాత్రీ నీటిని వడగట్టి, అందులో ఉన్నవాటిని ఒంట్లో పోగేసుకుంటుంది. అందుకని వలసంచుల్లో ఆల్చిప్పలు వేసి ఏటిలో అక్కడక్కడా వేలాడదీసేవాళ్లం. కొన్నాళ్లకు తెచ్చి, కోసి, రంగు కలిపి మైక్రోస్కోప్ కింద పెడితే విరేచనాలు తెచ్చే గియార్డియా అనే పరాన్నజీవి ఆకుపచ్చగా మెరిసేది.

ఒకసారి ఒక సంచిలోని ఆల్చిప్పలన్నిట్లో ఆ మెరుపే కనిపించింది.

"ఈ స్పాట్‌కి ఎగువన ఏమున్నది?" ఆంటీ అడిగింది.

"చిన్న డెయిరీ ఫామ్ ఆంటీ."

"ఈ ఆర్వో పోయి మాట్లాడుదాం. భయపెట్టొద్దు, పాపం." ఆర్వో అంటే అక్కడివాళ్ల మాటలో మధ్యాహ్నం.

ఫామ్‌ను భర్త పోయిన ఒక పెద్దావిడ ఒక్కతే నడుపుతోంది. పారుడు పట్టి విరేచనాలవుతున్న దూడలు ఏట్లోనే తిరుగుతున్నాయి. సంగతి చెప్పగానే ఆవిడ మొహం పాలిపోయింది.

"నా ఆవుల్ని తీసుకుపోతారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

లేదని ఆంటీ పక్కన కూర్చుని నచ్చజెప్పింది. టీ పెడదామని లేచిన ఆవిడ తూలి గుమ్మం పట్టుకుంది. బాగా చిక్కిపోయి, జారిపోతున్న ప్యాంటును తాడుతో బిగించి కట్టుకుని ఉంది. నాకు అనుమానమొచ్చి, తాగే నీళ్లు ఎక్కడివని అడిగాను.

"ఏటివే. ఆయన పంపు పెట్టాడు. ఆయన పోయాక ఏం తిన్నా కడుపులో ఇమడటం లేదు. బెంగ అనుకున్నాను" అంది.

ఆంటీ నా వైపు తిరిగి తెలుగులో, "బెంగ గూడా ఉంటది. కానీ టెస్ట్ చేపిద్దాం" అంది.

మర్నాడు ఆంటీ తన కారులోనే ఆవిడను డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లింది. ఆవిడ కడుపులోనూ ఉన్నది గియార్డియానే. మందులతో తగ్గింది. నీళ్లు మరగబెట్టి తాగడం మొదలుపెట్టింది.

తర్వాత ఒక ఆదివారం మేమంతా వెళ్లి, దూడలు ఏట్లో దిగకుండా కంచె వేశాం. కీబోర్డు తప్ప ఏదీ ఎరగని మావారి అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం ఆవిడ మాకు బార్బీ, అంటే ఆరుబయట నిప్పుల మీద కాల్చిన వంట, పెట్టింది. హలాల్ మాంసమే తినే ఆంటీ కోసం మాంసం మానేసి చేపలు కాల్చింది. అందరికీ వడ్డించి, తనూ నిండు ప్లేటు పట్టుకుని మా మధ్య కూర్చుంది.