గోడ మీద నల్లమచ్చ

కొత్త క్యాంపింగ్ ఉయ్యాలలో ఎలూతేరియో, మా మెక్సికో యుకతాన్‌లో అందరూ పడుకునేట్టే, ఏటవాలుగా తిరిగాడు. అది అమాంతం తిరగబడింది. దానికున్న దోమతెర జిప్పు వేసి ఉండటంతో ఆయన కిందపడలేదు. వలలో చేపలా బోర్లా వేలాడుతూ, "గాలి బాగానే తగులుతోందే" అన్నాడు. భార్య ఫిదేలియా నవ్వకుండా వచ్చి జిప్పు తీసింది.

ముప్పై ఏళ్ళుగా ఇద్దరూ ఆమె అల్లిన నూలు ఉయ్యాలలోనే మధ్యాహ్నం కునుకు తీసేవారు. ఆయన బొటనవేలితో గోడను తన్ని ఊపేవాడు. అక్కడ సున్నం పోయి అరచేతంత నల్లమచ్చ పడింది. ఈమధ్య నిద్రలో ఆయన మోకాలు ఎగిరి ఆమె పక్కటెముకలకు తగులుతోంది. ఆమె ఎన్నడూ చెప్పలేదు. కమిలిన చోటు ఆయనే చూశాడు. మర్నాడే సంతకు వెళ్ళి, ఒక్క మనిషికే సరిపోయే ఈ నైలాను ఉయ్యాల కొన్నాడు.

వారం పాటు అందులో చిక్కుడుకాయలో గింజలా ముడుచుకుని పడుకున్నాడు. ఎనిమిదో మధ్యాహ్నం అవతలి ఉయ్యాలలోంచి ఫిదేలియా గొంతు లేచింది.

"నొప్పి పోయింది, నిద్రా పోయింది. ఇప్పుడు దీన్ని ఎవరు ఊపుతారయ్యా, మీ అమ్మా?"

ఎలూతేరియో జిప్పు తీసుకుని దిగి, మోకాలికి తువ్వాలు చుట్టుకుంటూ వచ్చాడు.

"కాస్త జరుగు, గోడ నాకు అందాలి."