వెతికే పని నాది

మా టూర్ అంకుల్ పోయారన్న కబురు పోయిన గురువారం పొద్దున వాట్సాప్‌లో చూశాను. ఆఫీస్‌కి బయల్దేరి ఇంకా పార్కింగ్ లాట్‌లోనే ఉన్నాను. కార్ ఆపేసి కూర్చున్నాను. ఏడుపొచ్చింది, కాదనను. కానీ దానికన్నా ముందు గుండెల్లోంచి ఒక పెద్ద ఊపిరి బయటికొచ్చింది. హమ్మయ్య, చెప్పేశాను అనుకున్నాను.

మనిషి పోతే హమ్మయ్య ఏమిటని మీరు తిట్టుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. నా తప్పు ఒకదాన్ని ఆయన నాలుగేళ్ళు తన నెత్తిన మోశారు. నేను నోరు విప్పి ఆ సంగతి ఇంట్లో చెప్పింది రెండు నెలల క్రితమే. ఈ కబురు ఇంకాస్త ముందొచ్చి ఉంటే నా గతేమయ్యేదో తలచుకోవడానికే భయంగా ఉంది.

అమెరికాలోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్స్‌లోనే కింది అంతస్తులో ఉండేవారాయన. ఎప్పుడో డెబ్భైల్లో వచ్చి, వంతెనలు కట్టే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. అప్పటినుంచీ ఏడాదికోసారి మాలాంటి తెలుగువాళ్ళని ముప్పై మందిని పోగేసి ఏదో ఒక దేశం తిప్పుకొచ్చేవారు. మా అమ్మానాన్నల్లాగా, అత్తమామల్లాగా విజిటింగ్ వీసా మీద వచ్చేవాళ్ళంటే ఆయనకి మరీ ప్రేమ. "ఇంత దూరమొచ్చి గుడీ, సూపర్ మార్కెట్టూ చూసి వెళ్ళిపోతే ఎలాగమ్మా? లోకం చాలా ఉంది" అనేవారు.

ఆయన పద్ధతులు ఆయనవి. బస్సులో తలలు లెక్కపెట్టేవారు కాదు. గొర్రెల్ని లెక్కపెట్టినట్టు పెద్దవాళ్ళని లెక్కపెడతామా అని ఆయన అభ్యంతరం. ముందు నిలబడి "ఎవరి పక్కవాళ్ళు వాళ్ళకి ఉన్నారా?" అని గట్టిగా అడిగేవారు. ఉన్నారని అందరూ అరిస్తే బస్సు కదిలేది. ఇంకో నియమం రోజూ పొద్దునే చెప్పేవారు. "తప్పిపోతే మీరు మమ్మల్ని వెతకొద్దు. బస్సు దిగినచోటే నిలబడండి. వెతికే పని నాది."

నాలుగేళ్ళ క్రితం గ్రీస్ వెళ్ళాం. నేనూ మా అత్తయ్యా. మా ఆయన వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి దేశం దాటే వీల్లేక ఆగిపోయాడు. ఎయిర్‌పోర్ట్‌లో నాకు ఒకటే చెప్పాడు. "అమ్మకి ఇంగ్లీష్ రాదు. నువ్వే చూసుకోవాలి."

ఏథెన్స్ నుంచి పొద్దునే బస్సులో డెల్ఫీ శిథిలాలకి బయల్దేరాం. దారి పొడుగునా ఆలివ్ తోటలు, ఆ తరువాత కొండలు. అక్కడి గైడ్ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పడం, అంకుల్ దాన్ని తెలుగులోకి దించడం. కొండవాలున విరిగిన స్తంభాల మధ్య మమ్మల్ని నిలబెట్టి, "ఇక్కడ ఒకావిడ కూర్చుని జోస్యం చెప్పేదట. మన సోదెమ్మే అనుకోండి. రాజులు కూడా నెలల తరబడి ప్రయాణం చేసి ఒక్క ప్రశ్న అడగడానికి వచ్చేవాళ్ళు" అన్నారు. గైడ్ అమ్మాయి చెప్పినదానికి ఇది సగమే. మిగతా సగం మా అత్తయ్య అడిగి రాబట్టింది. "దేవుడి పేరేమిటి, నైవేద్యం ఏం పెట్టేవాళ్ళు?" అంకుల్ అవన్నీ ఆ అమ్మాయిని అడిగి మరీ చెప్పారు. అలా ముసలివాళ్ళ ప్రశ్నల్లో దేన్నీ ఆయన చిన్నదనుకోలేదు.

మధ్యాహ్నం ఒక కొండ ఊళ్ళో ఆగాం. రాతి ఇళ్ళు, ఎర్ర పెంకులు, నిటారుగా ఎక్కే సందులు. కాఫీలు తాగి తిరిగి బస్సెక్కాక మా అత్తయ్య బ్యాగు సీట్లో పెట్టి మళ్ళీ లేచింది. ఎక్కడికి అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకంటే అమెరికా వచ్చిన మొదటి వారంలోనే ఆవిడ నన్ను కసిరింది. "బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగొచ్చా? మీ అమ్మ నేర్పలేదా?" నిజమే, మా అమ్మా నేర్పింది. ముందు సీట్లలో ఆవిడకి ఇద్దరు స్నేహితురాళ్ళు దొరికారు, అక్కడికేలే అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. "ఎవరి పక్కవాళ్ళు వాళ్ళకి ఉన్నారా?" అని అంకుల్ గొంతు వినిపించింది.

"ఉన్నారంకుల్" అన్నాను. కళ్ళు తెరవకుండా.

అరగంట తరువాత లోయ అంచున ఫొటోలకి ఆగితే అత్తయ్య లేదు. ముందు సీట్లలోనూ లేదు. ఫోన్ బ్యాగులోనే ఉంది. ఆ కొండలు, ఆ లోయ, అంతవరకూ నోరు తెరుచుకుని చూసిన అందమంతా ఒక్క క్షణంలో భయంగా మారిపోయింది. బస్సులో గుసగుసలు మొదలయ్యాయి. అంకుల్ చెయ్యెత్తి అందరికీ వినపడేలా, "లెక్క నాది. పొరపాటు నాది. మీరు కాసేపు గాలి పీల్చుకోండి" అన్నారు. గైడ్ అమ్మాయి ఫోన్ చేసి టాక్సీ పిలిపించింది. ఆయనా నేనూ వెనక్కి బయల్దేరాం.

టాక్సీలో నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఆయన ఓదార్చలేదు. "ఏడుపుకి టైమ్ ఉందమ్మా. ఏ రంగు చీర?" అన్నారు.

ఆ చీర ఊరి మలుపు తిరగగానే కనపడింది. బస్సు ఆగినచోట, సరిగ్గా అదే చోట, రోడ్డు పక్క పార్కింగ్ గీతల నడుమ కుర్చీలో మా అత్తయ్య కూర్చుని ఉంది. ఇంకో టూరిస్ట్ బస్సు ఆ స్థలం కోసం హారన్ కొడుతోంది. కాఫీ కొట్టాయన చేతులు జోడించి జరగమని బతిమాలుతున్నాడు. పాపం, కుర్చీ తెచ్చి వేసిందీ ఆయనే. ఆవిడ తల అడ్డంగా ఊపుతోంది. గంటకి పైగా ఆ చోటు నుంచి అంగుళం కదల్లేదట.

"దిగినచోటే ఉండమన్నారు కదండీ" అంది అంకుల్‌ని చూసి.

"మంచిపని చేశారమ్మా. మీ అంత బాగా నా మాట విన్నవాళ్ళు ఇంకెవరూ లేరు" అన్నారాయన.

బాత్రూమ్‌కని పదిమందిలో ఎలా చెప్తాను, అందుకే చెప్పకుండా దిగాను అంది అత్తయ్య. సాయంత్రం అంకుల్ నా ఫోన్ తీసుకుని మా ఆయనకి తనే చెప్పారు. "పక్కవాళ్ళని సరిచూడటంలో నేను పొరపాటు పడ్డాను బాబూ. అమ్మగారు క్షేమం." నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. పెళ్ళయి రెండేళ్ళే, నమ్మి అమ్మని అప్పగించాడు, ఏమనుకుంటాడో అని భయం. తరువాత చెబుదాంలే అనుకున్నాను. తరువాత అనేది నాలుగేళ్ళు సాగింది.

ఆ నాలుగేళ్ళూ మా ఆయన అంకుల్‌తో ముక్తసరిగానే ఉన్నాడు. ఎదురైతే తల ఊపేవాడు, అంతే. పిలిచిన ఏ టూర్‌కీ రాలేదు. అది చూసినప్పుడల్లా నేను తల దించుకునేదాన్ని.

మొన్న వేసవిలో గుండె జబ్బుతో అంకుల్ హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చారు. "నువ్వెళ్ళి చూసిరా, నేను తరువాతొస్తా" అన్నాడు మా ఆయన. ఆ తరువాత అనే మాట విని ఇక ఆగలేకపోయాను. మొత్తం చెప్పేశాను.

"నాలుగేళ్ళుగా ఆయనకి సరిగా గుడ్ మార్నింగ్ కూడా చెప్పలేదు కదే" అని లేచి చెప్పులేసుకున్నాడు. "పద."

కింద అంకుల్ మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నారు. మా ఆయన క్షమాపణ చెప్పబోతే అడ్డుపడ్డారు.

"ఈ అమ్మాయి ‘ఉన్నారు’ అంది, నేను చెవులతో విన్నాను. నడిపించేవాడు కళ్ళతో చూడాలయ్యా. ఆ ట్రిప్ తరువాత ప్రతి సీటూ ముట్టుకుని చూస్తున్నాను." నావైపు తిరిగారు. "నీ తప్పేం లేదని అననమ్మా. సగం నువ్వు పట్టుకో. సగం నాకుంచు."

నన్ను పూర్తిగా వదిలేసి ఉంటే నాకు ఇంత తేలికయ్యేది కాదేమో. సగమన్నారు కాబట్టే నమ్మాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఊరికి ఫోన్ చేసి అత్తయ్యకి కూడా చెప్పాను. ఆవిడ నవ్వి, "నువ్వు అడిగినా నేను చెప్పేదాన్ని కాదులే" అంది.

అప్పటినుంచి రోజూ ఆఫీస్ నుంచి రాగానే మా ఆయన అంకుల్‌ని వాకింగ్‌కి తీసుకెళ్ళేవాడు. ఆయన పోవడానికి మూడు రోజుల ముందు, సోమవారం నేను బాల్కనీలో బట్టలు తీస్తూ చూశాను. అపార్ట్‌మెంట్స్ పక్కనున్న చెరువు గట్టున అంకుల్ అలిసిపోయి, వాకర్‌కున్న చిన్న సీటు మీద కూర్చున్నారు. చెయ్యి చాపి అవతలి హైవే వంతెనని చూపిస్తూ ఏదో చెబుతున్నారు. పడమటి ఎండ ఆయన మొహం మీద పడకుండా మా ఆయన అడ్డంగా నిలబడి వింటున్నాడు. పొద్దు కిందికి జారుతున్నకొద్దీ, మాటకి అడ్డు రాకుండా, ఒక్కో అడుగు పక్కకి జరుగుతున్నాడు.