ఎల్లమ్మ ఇచ్చిన సీసా

ఈ ఉదయం పనిమనిషి స్నానాలగది గచ్చు మీద యాసిడ్ పోసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే శకుంతల మేడమ్ గుర్తొచ్చారు. మూత్రంలో యురేనియం కొలవడం నాకు నేర్పింది ఆవిడే.

దేవరకొండ అవతలి గుట్టల్లో యురేనియం కోసం బోర్లు వేస్తున్న రోజులవి. కూలీల ఒంట్లోకి అదేమైనా చేరుతోందా అని మా ప్రయోగశాల చూసేది. మూత్రాన్ని యాసిడ్‌లో మరిగించి, మిగిలిన పొడిని బిళ్లగా చేసి, చీకటి పెట్టెలో నీలి దీపం కింద పెట్టాలి. యురేనియం ఉంటే పచ్చగా మెరుస్తుంది. మనిషిని ముట్టుకోకుండానే లోపల ఏముందో తెలిసిపోవడం నాకు గారడీలా ఉండేది. మేడమ్ మాత్రం, "నువ్వు బిళ్లనే చూస్తున్నవ్. దాని ఎనక మనిషుంటది," అనేవారు.

ఊరు చాలా దూరం ఉండగానే జీపు ఆపించి నడిచేవారు. ఒకసారి ఎండకు విసిగి గొణిగితే, మేడమ్ అన్నారు:

"పోలీస్ యాక్షన్ అయినంక మా మోత్కూర్ దిక్కు జీపులొచ్చేవి. మా అన్న దళంల ఉండె. జీపు సప్పుడైతే చాలు, మా అవ్వ నన్ను జొన్నల పాతర్ల దాచేది. మనం జీపుల పోతే గీళ్లు నిజం చెప్తరా?"

సీసాల పెట్టె నేనే అందుకుని ముందు నడిచాను.

ఎల్లమ్మ బిళ్ల ధగధగా మెరిసింది. బోరు దగ్గర మట్టి మోసే పిల్ల, పాలు తాగే బిడ్డ ఉంది. సంగతి ఎలా పొక్కిందో, మేం వెళ్లేసరికే అత్త బిడ్డను లాక్కుని గంజి పోస్తోంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఎల్లమ్మ రవిక పాలతో తడిసిపోయింది.

"పాలియ్యొచ్చా మేడం?" అంది.

ఇవ్వమంటే ఎంత బాగుండును! మేడమ్ అనలేదు. "నాకింకా తెల్వది బిడ్డా. తెలిసిననాడు నేనే వచ్చి చెప్త," అని కింద కూర్చుని, మూత్రం పట్టే సీసా అందినప్పటి నుంచి ఏమేం చేసిందో ఒక్కొక్కటే అడిగారు.

"తోమిచ్చిన మేడం. మురికి సీసా మీకెట్లిస్త? గా బోరు కాడి మట్టి మెత్తగుంటది, గిన్నెలు అద్దమోలె మెరుస్తయ్."

బిళ్లలో మెరిసింది ఆ మట్టేనేమో! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మేడమ్ నవ్వలేదు. ఆ మట్టి ఇంట్లోకి తేవద్దని చెప్పి, కొత్త సీసా మూత తీసి చేతికిచ్చారు, కడగవద్దన్నారు.

రెండో బిళ్ల మెరవలేదు. నమ్మకం చాలక మళ్లీ చేయించారు, అదీ మెరవలేదు. కబురు పంపినా సరిపోయేది. మోకాళ్ల నొప్పితో ఆవిడే ఆ రాళ్ల దారిన నడిచి వెళ్లారు. ఎల్లమ్మ మేం చెప్పే లెక్క వినలేదు. మేడమ్ ముఖం చూసి, బిడ్డను అందుకుని అక్కడే రొమ్మిచ్చింది.

తెలియనిదాన్ని తెలియదని ఒక తల్లి ముఖం మీద చెప్పడానికి ఎంత గుండె కావాలో ఆవిడ దగ్గరే చూశాను. 'తెలియదు' అనడం ఇప్పటికీ నాకు కష్టమే. అయినా అంటాను.